ఎక్మో బెడ్ దగ్గర నైట్ డ్యూటీ: కొత్తగా వచ్చినవాళ్లకు

రోస్టర్‌లో మీ పేరు పక్కన ఎక్మో బెడ్ అని చూడగానే టెన్షన్ వస్తే కంగారు పడకండి, అందరికీ వస్తుంది. నేను హైదరాబాద్‌లో ఐసీయూ నర్సుగా చేరి, తర్వాత ఎక్మో టీమ్‌లోకి వచ్చాను. అర్ధరాత్రి దాటాక "అక్కా, ఒకసారి చూడవా" అంటూ జూనియర్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఆ జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని రాస్తున్నాను. డోసులు, టార్గెట్లు ఒక్కో యూనిట్‌లో ఒక్కోలా ఉంటాయి, మీ ప్రోటోకాల్‌లో ఏముంటే అదే ఫైనల్. నేను చెప్పేదల్లా ఏది ముందు చూడాలి, ఏం కనిపిస్తే ఎవరిని నిద్ర లేపాలి అన్నదే.

ఎక్మో అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట చేసే మిషన్. అది ఏ జబ్బునూ నయం చేయదు. పెద్ద వెయిన్‌లోంచి (సిరలోంచి) రక్తాన్ని బయటికి లాగుతుంది, దానికి ఆక్సిజన్ ఎక్కించి కార్బన్ డయాక్సైడ్ తీసేస్తుంది, వెచ్చబెట్టి మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. ఈలోపు ఊపిరితిత్తులో గుండో కోలుకోవాలి, లేదంటే మార్పిడికి దారి దొరకాలి. అంటే ఇది గడువు ఇచ్చే షావుకారు లాంటిది. వడ్డీ మాత్రం రోజూ వసూలు చేస్తుంది, అదీ రక్తస్రావంగా, గడ్డలుగా, ఇన్ఫెక్షన్‌గా, ఒక్కోసారి కాలుగా, మెదడుగా. ఆ వడ్డీ పెరగకుండా చూడటమే రాత్రంతా మన పని. నేను చూసినంతవరకు ఈ కాంప్లికేషన్లలో చాలావాటికి అలారం మోగేకంటే ముందే బెడ్ పక్కన ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడం టార్చ్ లైట్‌తో, చేత్తో అయ్యే పని.

ముందు అడగాల్సింది: వీవీనా, వీఏనా?

హ్యాండోవర్‌లో పేరు, వయసు తర్వాత మొదటి ప్రశ్న ఇదే కావాలి. వీవీ అంటే వెయిన్‌లోంచి తీసి వెయిన్‌లోకే ఇవ్వడం. సాధారణంగా తొడ దగ్గరి ఫెమొరల్ వెయిన్ నుంచి లాగి, మెడలో కుడివైపు జుగులార్ వెయిన్‌లోకి పంపుతారు. ఇది ఊపిరితిత్తులకు మాత్రమే సాయం, గుండె తన పని తాను చేసుకోవాల్సిందే. వీఏలో వెయిన్‌లోంచి తీసి ఆర్టరీలోకి (ధమనిలోకి) పంపుతారు, పెద్దవాళ్లలో ఎక్కువగా తొడ దగ్గరి ఫెమొరల్ ఆర్టరీలోకి. ఇక్కడ గుండె పనీ ఊపిరితిత్తుల పనీ రెండూ మిషనే చేస్తుంది.

ఈ తేడాతో రాత్రి చేసే పనంతా మారిపోతుంది. వీవీలో సర్క్యూట్ (రక్తం తిరిగే ట్యూబులు, పంప్, మొత్తం) నుంచి చిన్న గడ్డ గానీ గాలి బుడగ గానీ వెళ్తే ముందు ఊపిరితిత్తుల్లో ఆగుతుంది. వీఏలో నేరుగా ఆర్టరీల్లోకి పోతుంది, మెదడుకూ చేరొచ్చు. వీవీ పేషెంట్ గుండె ఆగిపోతే సీపీఆర్ మామూలుగానే మొదలుపెట్టాలి. "ఎక్మో ఉంది కదా" అని ఒక్క సెకను కూడా ఆగొద్దు, ఆ ఎక్మో గుండెకు ఏ సాయమూ చేయడం లేదు.

రెండో ప్రశ్న, ఎందుకు పెట్టారు? స్క్రబ్ టైఫస్, హెచ్1ఎన్1, లెప్టోస్పైరోసిస్ లాంటివాటితో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు, మయోకార్డైటిస్‌తో (గుండె కండరం వాపుతో) గుండె కుదేలైన కుర్రవాళ్లు కోలుకునే అవకాశం ఉన్నవాళ్లు. గడ్డిమందు తాగినవాళ్ల సంగతి వేరు. పారాక్వాట్ ఊపిరితిత్తిని గట్టిపరిచేస్తుంది, ఆ మచ్చ వెనక్కి పోదు. ఊపిరితిత్తుల మార్పిడి దాకా తీసుకెళ్లే దారి ఉంటే తప్ప అక్కడ ఎక్మోతో ఒరిగేది తక్కువ. మన జిల్లాల్లో ఈ కేసులు ఎన్నో చూస్తుంటాం కాబట్టే చెబుతున్నాను, కోలుకునే దారి ఏమిటో తెలియకుండా మిషన్ ఎక్కించకూడదు.

ఊపిరితిత్తుల విషయంలో 2018లో వచ్చిన ఈఓఎల్ఐఏ ట్రయల్ కొలతలు చాలామంది వాడతారు. చేయగలిగినవన్నీ చేసి చూశాక కూడా పీఏఓ2 (రక్తంలో ఆక్సిజన్), ఎఫ్ఐఓ2 (పీల్చే గాలిలో ఆక్సిజన్ వాటా) నిష్పత్తి 50 కంటే తక్కువగా మూడు గంటలు దాటినా, 80 కంటే తక్కువగా ఆరు గంటలు దాటినా, పీహెచ్ 7.25 కంటే పడిపోయి పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్) 60 గానీ అంతకు మించి గానీ ఆరు గంటలు దాటినా ఎక్మో గురించి ఆలోచిస్తారు. అదీ బోర్లా పడుకోబెట్టి, కండరాలు సడలించే మందులు వాడి చూశాకే. ఆ ట్రయల్‌లో 60 రోజులకు ఎక్మో గ్రూపులో 35 శాతం, ముందు ఎక్మో లేకుండా వెంటిలేటర్‌తో చూసిన రెండో గ్రూపులో 46 శాతం చనిపోయారు. లెక్కల ప్రకారం ఆ తేడా తేల్చిచెప్పేంత గట్టిది కాదు, పైగా రెండో గ్రూపులో 28 శాతం మందికి చివరికి ఎక్మో పెట్టాల్సి వచ్చింది. గుండెపోటు షాక్‌లో వీఏ అందరికీ పెట్టేయొచ్చా అని చూసిన 2023 నాటి ఈసీఎల్ఎస్-షాక్ ట్రయల్‌లోనైతే 30 రోజుల మరణాల్లో తేడాయే లేదు, దాదాపు 48, 49 శాతం. రక్తస్రావం, రక్తనాళాల సమస్యలు మాత్రం ఎక్మో గ్రూపులో రెండు రెట్లు దాటాయి. మనవాళ్లలో కొందరికి ఎక్మో మీద ఉన్న మోజు ఈ అంకెలు చూస్తే కొంచెం దిగుతుంది.

మొదటి రౌండ్: పేషెంట్ నుంచి మిషన్ దాకా

కొత్తవాళ్లు నేరుగా స్క్రీన్ దగ్గరికి వెళ్లి అంకెలు రాసుకుంటారు. అంకెలు ఎక్కడికీ పోవు. తలగడ దగ్గర మొదలుపెట్టండి.

ముందు కంటిపాపలు. రెండూ సమానంగా ఉన్నాయా, వెలుగుకు ముడుచుకుంటున్నాయా? గంటకోసారి చూడాలి, రాసుకోవాలి. మత్తులో ఉన్న పేషెంట్ తలనొప్పి అని చెప్పలేడు. మెదడులో రక్తస్రావం అయితే మనకు ముందు దొరికే గుర్తు ఈ పాపలే కావచ్చు. తర్వాత నోరు, ముక్కు, మెడ కాన్యులా (రక్తనాళంలోకి వేసిన లావు ట్యూబ్) చుట్టూ డ్రెస్సింగ్. ఆపైన కుడిచేయి, దాని సంగతి కింద వివరంగా చెబుతాను. పొట్ట ఉబ్బిందా, యూరిన్ బ్యాగ్‌లో రంగేమిటి, తొడ దగ్గర కాన్యులా కుట్లు పట్టుగా ఉన్నాయా చూడాలి. కాన్యులా మీద సెంటీమీటర్ గుర్తు ఎక్కడుందో పాత షిఫ్ట్ రాసినదానితో పోల్చండి. రెండు సెంటీమీటర్లు బయటికి వచ్చిందంటే అప్పుడే చెప్పాలి, పొద్దున రౌండ్స్ దాకా ఉంచొద్దు. చివరగా రెండు పాదాలూ దుప్పటి తీసి చూడండి.

ఇప్పుడు ట్యూబులు. ఒంట్లోంచి వచ్చే ట్యూబ్ ముదురు రంగులో, ఒంట్లోకి వెళ్లేది మంచి ఎరుపులో ఉండాలి. రెండూ ముదురుగా ఉంటే ఆక్సిజనేటర్ (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగం) పని చేయట్లేదు, లేదా దానికి గ్యాస్ అందట్లేదు. చాలాసార్లు కారణం చిన్నదే. బ్లెండర్ (గ్యాస్ కలిపే పరికరం) నుంచి ఆక్సిజనేటర్‌కు వెళ్లే సన్నటి గ్యాస్ ట్యూబ్ బెడ్ జరిపినప్పుడు ఊడిపోయి ఉంటుంది, ముందు అది చూడండి. వీవీలో రెండు ట్యూబులూ ఎర్రగా ఉండి, పేషెంట్ శాచురేషన్ మాత్రం పడిపోతుంటే రీసర్క్యులేషన్. అంటే ఇచ్చిన ఎర్రరక్తాన్నే మిషన్ మళ్లీ లాక్కుంటోంది. కాన్యులా కొనలు మరీ దగ్గరగా ఉన్నా, ఫ్లో (నిమిషానికి మిషన్‌లో పారే రక్తం) మరీ ఎక్కువున్నా ఇలా అవుతుంది. అప్పుడు ఫ్లో పెంచితే ఇంకా చెడుతుంది.

టార్చ్ వేసి ఆక్సిజనేటర్ మూలలు, కనెక్టర్లు, పంప్ హెడ్ చూడండి. నల్లటి మచ్చలు గడ్డలు, తెల్లటి దారాల్లాంటివి ఫైబ్రిన్ (గడ్డకట్టించే ప్రోటీన్). రక్తం ఆక్సిజనేటర్‌లోకి వెళ్లే వైపు చిన్న మచ్చలుంటే బొమ్మ గీసి, సైజు రాసి పెట్టండి. బయటికి వచ్చే వైపు ఉంటే పెర్ఫ్యూజనిస్ట్‌ను (మిషన్ నడిపే నిపుణుణ్ని) పిలవండి, అక్కడినుంచి ఊడితే ఆపడానికి మధ్యలో ఏమీ లేదు. పంప్ హెడ్ దగ్గర చెవి పెట్టి వినండి, గరగర వస్తే లోపల గడ్డ ఉందేమోనని అనుమానించాలి.

చివరగా సామాను. క్లాంపులు కనీసం నాలుగు బెడ్ దగ్గరే ఉండాలి, ఏ డ్రాయర్‌లోనో కాదు. హ్యాండ్ క్రాంక్ (పంప్ ఆగితే చేత్తో తిప్పే పరికరం) కంటికి కనిపించాలి, చేతికి అందాలి. ప్లగ్ గోడలో ఉందా, బ్యాటరీ ఎంత చూపిస్తోంది, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉందా, హీటర్-కూలర్‌లో నీళ్లున్నాయా చూసుకోండి. ఇవన్నీ పక్కవాళ్లు చూశారులే అనుకోవడం మన ఐసీయూల్లో పాత జబ్బు.

అంకెలను ఎలా చదవాలి

ఆర్‌పీఎం (పంప్ తిరిగే వేగం) మనం పెట్టేది, ఫ్లో పేషెంట్ ఇచ్చేది. ఇది గుర్తుంటే సగం గందరగోళం పోతుంది. సెంట్రిఫ్యూగల్ పంప్‌లో ఒకే ఆర్‌పీఎం మీద ఫ్లో మారిందంటే అటు లాగే దగ్గరో ఇటు తోసే దగ్గరో ఏదో మారింది. పెద్దవాళ్లలో కిలోకు నిమిషానికి సుమారు 60 ఎంఎల్ చొప్పున మొదలుపెడతారు, అంటే 70 కిలోల మనిషికి నాలుగు లీటర్ల పైచిలుకు. ఫ్లో పెంచితే ఆక్సిజన్ పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను తీసేది స్వీప్ గ్యాస్ (ఆక్సిజనేటర్ గుండా పంపే గ్యాస్), ఫ్లో కాదు.

స్వీప్‌తో దూకుడు వద్దు. ఎక్మో పెట్టేముందు పీసీఓ2 80 ఉన్నవాళ్లకు గంటలో 40కి దించేస్తే మెదడు రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి. అలా వేగంగా దించినవాళ్లలో మెదడు దెబ్బతినడం ఎక్కువని కనబడింది. మెల్లగా, గ్యాస్ రిపోర్ట్ చూసుకుంటూ దించాలి. ఇంకో చిన్న పని కూడా ఉంది. ఆక్సిజనేటర్‌లో నీటి ఆవిరి చేరి గ్యాస్ మార్పిడి తగ్గుతుంది కాబట్టి మీ యూనిట్ పద్ధతి ప్రకారం కాసేపు స్వీప్ పెంచి ఆ నీటిని ఊదేయాలి. ఆ తర్వాత స్వీప్‌ను పాత అంకెకు తిరిగి తేవడం మరిచిపోవద్దు.

లాగే వైపు ప్రెషర్ మైనస్‌లో ఉంటుంది. మైనస్ 100 దాటి ఇంకా కిందికి పోతుంటే రక్తకణాలు పగిలే దారి మొదలైనట్టే. ఆక్సిజనేటర్ ముందు, వెనక ప్రెషర్ల తేడాను డెల్టా పీ అంటాం. దానికి అందరికీ ఒకే అంకె లేదు, ఫ్లో బట్టి మారుతుంది. ఫ్లో అదే ఉన్నా తేడా గంట గంటకూ పెరుగుతోందంటే ఆక్సిజనేటర్ గడ్డకడుతోందని అర్థం. అందుకే మీరు రాసే ఒక్కో అంకె పక్కన గత షిఫ్ట్ అంకె కూడా ఉండాలి. ఆక్సిజనేటర్ తర్వాత తీసిన శాంపిల్‌లో, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తున్నా పీఏఓ2 200 దాటకపోతే మార్చే ఆలోచన మొదలుపెడతారు.

"అక్కా, శాచురేషన్ 88 వచ్చింది!" అన్నది నాకు ఎక్కువగా వినపడే కేక. వీవీలో 85 నుంచి 90 మధ్య ఉండటం మామూలే. హిమోగ్లోబిన్ సరిపడా ఉండి, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో పెరిగేది) పెరగకుండా, యూరిన్ వస్తుంటే అది ప్రమాదం కాదు. ఆ అంకె చూసి వెంటిలేటర్ ఎఫ్ఐఓ2ను, ప్రెషర్‌ను పెంచేస్తే ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి పెట్టిన ఎక్మో దండగ. ప్లాటో ప్రెషర్ (ఊపిరి నిండినప్పటి ప్రెషర్) 25 దాటకుండా, పీప్ (ఊపిరి వదిలాక మిగిలే ప్రెషర్) 10 దగ్గర, రేటు 10 దగ్గర పెట్టి ఊపిరితిత్తిని అలా ఉండనివ్వడమే అసలు ఉద్దేశం.

ట్యూబ్ వణికితే

లాగే ట్యూబ్ టకటకా అదురుతూ, ఫ్లో పైకీ కిందికీ ఊగడాన్ని చాటర్ అంటాం. వెయిన్ గోడను కాన్యులా పీల్చుకుంటోందన్నమాట. చేయి ఊరికే ఆర్‌పీఎం నాబ్ మీదికి పోతుంది, పెంచాలనిపిస్తుంది. పెంచొద్దు, కాస్త తగ్గించండి, అదురు ఆగుతుంది. తర్వాత కారణం వెతకండి. దగ్గుతున్నాడా, ట్యూబ్ ఎక్కడైనా మడత పడిందా, కాలు ముడిచాడా, రక్తం ఎక్కడైనా పోతోందా? ఇవేవీ కాకపోతే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), గుండె చుట్టూ రక్తం చేరడం, పొట్టలో ప్రెషర్ పెరగడం, వీటికి డాక్టర్ వచ్చి ఎకో చేయాలి. ప్రతిసారీ ఫ్లూయిడ్ బోలస్‌తో సరిపెట్టే అలవాటు నాకు నచ్చదు. రెండోసారి ఫ్లూయిడ్ అడుగుతున్నామంటే అప్పటికే కారణం తప్పిపోయిందని అనుకోవాలి, ఎక్కించిన నీళ్లన్నీ ఎలాగూ ఊపిరితిత్తుల్లోకే చేరతాయి.

వీఏలో మూడు చోట్ల కన్ను వేయాలి

కుడిచేయి. తొడ నుంచి పంపే ఎర్రరక్తం కిందినుంచి పైకి వెళ్తుంది. గుండె కోలుకుని కొట్టుకోవడం మొదలుపెట్టి, ఊపిరితిత్తులు ఇంకా బాగుపడకపోతే, ఆ గుండె తోసేది ఆక్సిజన్ లేని రక్తం. అది ముందు గుండె రక్తనాళాలకు, మెదడుకు, కుడిచేతికి వెళ్తుంది. కాళ్లు గులాబీ రంగులో ఉంటాయి, మెదడుకు మాత్రం ఆక్సిజన్ అందదు. దీన్ని హార్లెక్విన్ సిండ్రోమ్ అంటారు, నార్త్-సౌత్ అని కూడా పిలుస్తారు. అందుకే ఆర్టరీ లైన్, శాచురేషన్ ప్రోబ్ రెండూ కుడిచేతికే ఉండాలి, ఏబీజీ (ఆర్టరీ రక్తంలో గ్యాస్‌ల పరీక్ష) అక్కడినుంచే తీయాలి. ఎడమచేతి నుంచో తొడ నుంచో తీసిన అందమైన రిపోర్ట్ మనల్ని మోసం చేస్తుంది. గుండె బాగవుతోందని అందరూ సంతోషపడే రోజునే ఇది వస్తుంది, కాబట్టి ఆర్టరీ వేవ్ (మానిటర్‌లో బీపీ గీత) బాగా లేచిన రాత్రి కుడిచేయి మీద కన్ను ఇంకా గట్టిగా ఉండాలి. వెంటిలేటర్ పెంచడం, మెడలో ఇంకో కాన్యులా వేసి వీఏవీగా (ఆర్టరీకీ వెయిన్‌కూ రెండింటికీ రక్తం పంపేలా) మార్చడం లాంటివి డాక్టర్ల నిర్ణయం.

కాలు. 15 నుంచి 19 ఫ్రెంచ్ (ట్యూబ్ లావు కొలత) కాన్యులా ఫెమొరల్ ఆర్టరీలో కూర్చుంటే కిందికి రక్తం వెళ్లే దారి మూసుకుపోవచ్చు. అందుకే సన్నటి ఇంకో ట్యూబ్, 6 నుంచి 8 ఫ్రెంచ్‌ది, పాదం వైపు వేస్తారు. అది గడ్డకట్టొచ్చు, మెలిక పడొచ్చు, స్టాప్‌కాక్ ఎవరో తిప్పి ఉండొచ్చు. గంటకోసారి రెండు కాళ్లూ పోల్చి చూడండి. వేడి, రంగు, గోరు నొక్కితే రక్తం తిరిగొచ్చే వేగం, డాప్లర్ చప్పుడు. పిక్కను చేత్తో నొక్కండి, మెత్తగా ఉండాలి. బిగుసుకుపోతుంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల్లో ప్రెషర్ పెరిగి రక్తం అందకపోవడం) కావచ్చు, ఆలస్యమైతే కోత పెట్టాల్సి రావచ్చు, ఇంకా ఆలస్యమైతే కాలే పోవచ్చు. దీనికోసం రాత్రి రెండింటికి వాస్కులర్ సర్జన్‌ను లేపడానికి మొహమాటపడొద్దు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

గుండె ఉబ్బడం. ఎడమ వెంట్రికిల్ బలహీనంగా ఉన్నప్పుడు మిషన్ ఎదురునుంచి తోస్తుంటే ఆ గుండె ఖాళీ కాలేదు. ఆర్టరీ వేవ్ చదునుగా గీతలా అయిపోతుంది, పల్స్ ప్రెషర్ 10 కంటే తగ్గుతుంది, కాసేపటికి ట్యూబ్‌లోంచి గులాబీ నురగ వస్తుంది. అయోర్టిక్ వాల్వ్ తెరుచుకోకపోతే లోపల రక్తం నిలిచి గడ్డకడుతుంది. వేవ్ చదును కాగానే చెప్పండి, నురగ దాకా ఆగొద్దు. ఇనోట్రోప్ (గుండె కొట్టుకునే బలం పెంచే మందు), ఫ్లో తగ్గించడం, బెలూన్ పంప్, ఇంపెల్లా (రెండూ గుండెకు సాయపడే పరికరాలు), ఇలా దారులు ఉన్నాయి.

రక్తం: ఇటు కారుతుంది, అటు గడ్డకడుతుంది

రక్తం ప్లాస్టిక్‌ను తాకగానే గడ్డకట్టాలని చూస్తుంది. కట్టకుండా హెపారిన్ ఇస్తాం. పైగా పంప్ సుడిలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) ముక్కలవుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. దాంతో ఒకే పేషెంట్‌కు ఒకే రాత్రి ముక్కులోంచి రక్తం కారుతూ ఆక్సిజనేటర్‌లో గడ్డలు కడుతుంటాయి. చూసి బెదిరిపోకండి, ఎక్మోలో ఇది రోజూ ఉండే సంగతే.

హెపారిన్ ప్రభావం చూపే పరీక్షల్లో చాలా యూనిట్లు ఏసీటీ 180 నుంచి 220 మధ్య, లేదా ఏపీటీటీ మామూలుకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు, లేదా యాంటీ-టెన్-ఏ 0.3 నుంచి 0.7 ఉంచుతాయి. శాంపిల్ మాత్రం హెపారిన్ నడుస్తున్న లైన్ నుంచి తీయొద్దు, హెపారిన్ ఫ్లష్ ఉన్న లైన్ నుంచి తీస్తే ముందు రక్తం సరిపడా తీసి పారబోసి ఆ తర్వాతదే పంపండి. తప్పుడు ఏసీటీ చూసి హెపారిన్ తగ్గిస్తే తెల్లారేసరికి ఆక్సిజనేటర్ మూసుకుపోతుంది.

రక్తస్రావంలో చాలావరకు మన చేతులతో తెచ్చుకునేదే. ముక్కులోంచి సక్షన్ లోతుగా పెట్టొద్దు. కొత్త రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసేది), కొత్త ఫోలీ (యూరిన్ ట్యూబ్), కండరంలో ఇంజెక్షన్, ఏది అవసరమైనా ముందు డాక్టర్‌ను అడగండి. పళ్లు బ్రష్‌తో తోమకుండా స్పాంజితో తుడవండి. గడ్డం గీయాలని అటెండర్ వస్తే బ్లేడ్ వద్దని చెప్పండి. డ్రెస్సింగ్ కాస్త తడిసిందని ఊరికే మార్చకండి, తడి ఎంతవరకు ఉందో పెన్‌తో గీత గీసి టైమ్ వేయండి. గీత దాటిందంటే అప్పుడు చెప్పండి. రక్తం ఆగకపోతే డాక్టర్ హెపారిన్ ఆపించొచ్చు. మంచి ఫ్లో ఉన్న వీవీలో గంటలేమిటి, రోజుల తరబడి కూడా ఆపి నడిపిస్తారు. ఇప్పటి సర్క్యూట్లకు లోపల పూత ఉండటం దీనికి ఒక కారణం. హెపారిన్ ఆగిన రాత్రి టార్చ్ రౌండ్లు పెంచండి.

యూరిన్ కోలా రంగులోకి మారితే రక్తకణాలు పగులుతున్నాయని అనుమానించండి. ప్లాస్మా ఫ్రీ హిమోగ్లోబిన్ 50 దాటితే హిమోలిసిస్ అన్నట్టు. లాగే ప్రెషర్ మరీ మైనస్‌లో ఉందా, పంప్ హెడ్‌లో గడ్డ ఉందా చూడాలి. హెపారిన్ మొదలైన అయిదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే హెచ్ఐటీ (హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు) గుర్తుకు రావాలి, అప్పుడు హెపారిన్ పూర్తిగా మానేసి బైవాలిరుడిన్ లాంటిది పెడతారు. పూర్తిగా అంటే ఫ్లష్ బ్యాగుల్లో కూడా ఉండకూడదు, ఆ బ్యాగుల మాట జనం మరిచిపోతుంటారు.

జ్వరం కనిపించదు

ఇన్ఫెక్షన్ గురించి ఒక్క మాట. హీటర్-కూలర్ రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి చార్ట్‌లో టెంపరేచర్ ఎప్పుడూ నార్మల్‌గానే ఉంటుంది. తెల్లకణాలు, లాక్టేట్, పెరుగుతున్న నోరాడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) డోసు, హీటర్-కూలర్ చల్లబరచడానికి ఎక్కువ కష్టపడటం, వీటిని బట్టి పట్టుకోవాలి. కాన్యులా ఉన్నంతకాలం ఇన్ఫెక్షన్ తలుపు తెరిచే ఉంటుంది. మత్తుమందుల్లో ఫెంటానిల్, మిడజొలామ్ సర్క్యూట్ ప్లాస్టిక్‌కు అతుక్కుపోతాయి, మామూలు డోసు సరిపోవట్లేదంటే కారణం అదే కావచ్చు.

పక్కకు తిప్పేటప్పుడు, బోర్లా వేసేటప్పుడు ఒకరి పని కాన్యులా పట్టుకోవడం మాత్రమే. వాళ్లు దుప్పటి లాగరు, దిండు సర్దరు. ఎప్పుడు తిప్పాలో "వన్, టూ, త్రీ" చెప్పేది కూడా వాళ్లే.

చేతులు ముందు కదలాల్సిన సందర్భాలు

పంప్ ఆగింది. గట్టిగా కేకేయండి, ఒంట్లోకి వెళ్లే ట్యూబ్‌ను క్లాంప్ చేయండి. వీఏలో పంప్ ఆగినా, ఆర్‌పీఎం మరీ తగ్గినా ఆర్టరీ రక్తం వెనక్కి వెయిన్ వైపు పారుతుంది, అందుకే క్లాంప్ ముందు. వెంటిలేటర్ పూర్తిగా పెంచమని పక్కవాళ్లకు చెప్పి, పంప్ హెడ్‌ను హ్యాండ్ క్రాంక్ మీద పెట్టి తిప్పండి. ఆర్‌పీఎం లేచాక క్లాంప్ తీయాలి, ముందు కాదు. దీన్ని ఖాళీ సర్క్యూట్ మీద పగటిపూట ప్రాక్టీస్ చేయనివాళ్లు ఎక్మో బెడ్ తీసుకోకూడదని నా పంతం.

గాలి కనిపించింది. పేషెంట్‌కు దగ్గరగా, ఒంట్లోకి వెళ్లే ట్యూబ్ క్లాంప్, వెంటనే పంప్ ఆపడం, వీఏ అయితే తల కిందికి వంచడం. తర్వాత గాలి ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. లాగే వైపు ప్రెషర్ మైనస్‌లో ఉంటుంది కాబట్టి మెడ సెంట్రల్ లైన్‌లో మూత వదులైన ఒక్క పోర్ట్ చాలు, గాలిని పీల్చుకోవడానికి. షిఫ్ట్ మొదట్లోనే మూతలన్నీ బిగించి చూసుకోండి.

కాన్యులా ఊడింది. ఊడిన చోట గట్టిగా చేయి నొక్కండి, ఇంకొకరు క్లాంప్ చేసి పంప్ ఆపాలి, రక్తం తెప్పించాలి. నొక్కిన చేయి సర్జన్ వచ్చేదాకా తీయకండి.

మిషన్ నుంచి విడిపించే ప్రయత్నాలు ఎక్కువగా పగలే జరుగుతాయి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వీవీలో స్వీప్ తగ్గించి ఆపేసి, గంటలకొద్దీ గ్యాస్ రిపోర్టులు చూస్తారు. వీఏలో ఫ్లోను లీటరు, లీటరున్నరకు దించి ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో కొట్టుకు తోసే రక్తం వాటా) 20 నుంచి 25 శాతం దాటిందా, వీటీఐ (ఒక్కో కొట్టుకు రక్తం ముందుకు పారే దూరం) 10 సెంటీమీటర్లు దాటిందా చూస్తారు. తక్కువ ఫ్లో మీద ఎక్కువసేపు ఉంచితే గడ్డలు కడతాయి, గడియారం చూస్తూ ఉండే పని మీది.

బయట కూర్చున్నవాళ్లు

2020 ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు కోవిడ్‌తో చెన్నైలో ఆసుపత్రిలో చేరి, వారాల తరబడి ఎక్మో మీద ఉండి, సెప్టెంబరు 25న పోయారు. తెలుగు ఇళ్లలో చాలామందికి ఎక్మో అన్న మాట తెలిసింది అప్పుడే. ఇప్పటికీ అటెండర్లు "బాలుగారికి పెట్టారే, అదేనా సిస్టర్?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉన్న భయం మనకు తెలియాలి. అవునండీ అదే అని చెప్పండి, మీవాళ్ల జబ్బు వేరు, వయసు వేరు అని కూడా చెప్పండి. ప్రపంచవ్యాప్తంగా నమోదైన పెద్దవాళ్ల కేసులు చూస్తే ఊపిరితిత్తుల కోసం పెట్టినవాళ్లలో పదిమందికి సుమారు ఆరుగురు, గుండె కోసం పెట్టినవాళ్లలో నలుగురైదుగురు, సీపీఆర్ మధ్యలో పెట్టినవాళ్లలో ముగ్గురు ఇంటికి వెళ్తున్నారు. ఈ లెక్కలు డాక్టర్ చెప్పాల్సినవి, కానీ మీ మనసులో ఉంటే "వంద శాతం బాగైపోతారు" అని నోరు జారరు.

ఖర్చు లక్షల్లో ఉంటుంది, పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్లు ఉంటారు. రోజూ ఒకే టైమ్‌కు, ఒకే మనిషితో, ఒకే ముగ్గురికి మాట్లాడించండి. వచ్చిన ప్రతి బాబాయికీ మేనమామకూ వేరువేరుగా చెబితే పదకొండు రకాల కథలు తయారవుతాయి. ఎప్పుడు ఆపేయాలన్న మాట మొదటి రోజే, మిషన్ ఎక్కించకముందే డాక్టర్ ఎత్తడం మంచిది. మూడో వారంలో ఎత్తితే డబ్బు అయిపోయిందని ఆపుతున్నారని అనుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. లోపలికి వచ్చినవాళ్లను చేయి పట్టుకోనివ్వండి. ఏ ట్యూబ్ తాకకూడదో చూపించి, ఏ చేయి పట్టుకోవచ్చో కూడా చూపించండి.

పొద్దున హ్యాండోవర్ బెడ్ దగ్గరే ఇవ్వండి, నర్సింగ్ స్టేషన్‌లో కాదు. కాన్యులా గుర్తు, గడ్డల బొమ్మ, డెల్టా పీ రాత్రంతా ఎలా నడిచింది, ఆఖరి ఏసీటీ, హెపారిన్ రేటు, కంటిపాపలు, రెండు కాళ్లు, ఆర్‌పీఎం ఎప్పుడు ఎందుకు మార్చారు, ఇవన్నీ చెప్పండి. తర్వాత వచ్చినవాళ్ల చేతికి టార్చ్ ఇచ్చి, మీ ముందే ఒక రౌండ్ వేయించి, క్లాంపులు లెక్కపెట్టించి వెళ్లండి.